ఎద్దులను తోసిన బండ

బావమరిది ఓబులేసుకు,

మన ఎద్దులు గెలిచాయప్పా, మన అమ్మాయి మహాదేవమ్మ కాలేజీకి పోతుంది! "ఆ ముసలి ఎద్దులు పత్తికొండ పందెంలో బండ లాగితే, నీ కూతుర్ని నేనే కర్నూల్లో చేరుస్తా బావా" అని నవ్వితివే!

రాపిడి తగ్గితే బండ సులువుగా కదులుతుందని అమ్మాయి పుస్తకం చూసి చెప్పింది. నేను దారంతా ఆముదం పోశాను. ఎద్దులు కూడా జారి కూలబడ్డాయి. దారి పల్లం కదా, బండ వెనకనుంచి జారుకుంటూ వచ్చి వాటిని మెల్లగా గీత దాటించింది.

"ఇదేం లాగడమప్పా?" అన్నారు పెద్దలు.

"ఎద్దులు ముందుండాయి, బండ ఎనక ఉండాది. తప్పు యాడుండాది తాతా?" అంది అమ్మాయి. వాళ్లు గీత కాడికి పోయి చూసి, గెలుపు మనదే అన్నారు.

రాజంపేట రామసుబ్బమ్మత్తకు, బనగానపల్లె వియ్యంకుడికి చెప్పు. ఆడపిల్లకు చదువెందుకన్న గోపన్నకు రెండుసార్లు చెప్పు. ఎద్దులకు నేను చెబుతూనే ఉన్నాను. ఓడిపోయామనుకుని అవి మేత ముట్టడం లేదు.