వార్నిష్ కింద అక్షరం

సెప్టెంబర్ 14, ఆదివారం
నేను పాత వస్తువులు సేకరిస్తానని విని నాగోల్ నుంచి ఒకడు పిట్టల తుపాకీ పట్టుకొచ్చాడు. "పక్కా ఒరిజినల్ సార్, తాతల నాటిది." తాతల నాటిదానికి స్క్రూ గాడుల్లో కొత్త రంగు ఎలా వచ్చిందో... అడగలేదు. గుమ్మం చూపించాను. పాతవాటికి రంగులు పూసే వెధవలందర్నీ వరసగా నిలబెట్టి ఆ తుపాకీ ఛర్రాలతోనే కాల్చాలి.

సెప్టెంబర్ 17, బుధవారం
ఎల్బీ నగర్. యాదగిరి పాతసామాన్ల దుకాణం. గోడకి మేకు, మేకుకి ఎయిర్ గన్. చిన్నప్పుడు అన్నయ్యకి నాన్న కొనిచ్చిన రకమే. చెక్క నిండా జిడ్డు, గొట్టం నిండా తుప్పు. ఎవడూ చెయ్యి పెట్టని సరుకు. ఎడమ పక్క, జిడ్డు కింద, వేలికి ఏదో గీత తగిలింది.

అన్నయ్య తన గన్ మీద కంపాస్ ముల్లుతో పేరులో మొదటి అక్షరం 'ర' చెక్కుకుంది సరిగ్గా అక్కడే. నేను ముట్టుకోకూడదని. తర్వాత నాన్న దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

అన్నయ్య పోయి ఏడాది. తన వస్తువు ఒక్కటీ లేదు నా దగ్గర. వదిన ఇవ్వలేదు, నేను అడగలేదు.

తుడిచి చూద్దామంటే యాదగిరి కళ్ళు నా వేళ్ళ మీదే. కావాలని తెలిస్తే ధర ఆకాశానికి ఎక్కిస్తాడు. మొహం చిట్లించాను. "తుప్పు ముద్ద. రంగు లేదు, రూపు లేదు. దీన్నెవడు కొంటాడు?"
"జర మంచిగ సూడుండ్రి సార్."
"ముందు చూసేలా ఉండాలిగా" అనేసి వచ్చేశాను. బేరమంటే అంతే. పండగ దాకా నాననివ్వాలి.

సెప్టెంబర్ 18
గీతేనా? 'ర'నా?

సెప్టెంబర్ 24
"అంత కావాలంటే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా" — మా ఆవిడ. దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్లన్నిట్లో వంకలు పెట్టే మనిషి, నాకు చెప్పొచ్చింది.

అక్టోబర్ 2, దసరా
యాదగిరి దుకాణంలో ఆయుధపూజ. తక్కెడకి, సుత్తికి, పాత ఫ్యాన్లకి బొట్లు. మధ్యలో అది. తళతళ. చెక్కంతా సాండ్ పేపర్ కొట్టి వార్నిష్. గొట్టానికి నల్ల పెయింట్. ఎడమ పక్క తడిమాను — నున్నగా. ఏమీ లేదు.

అరిచాను. ఏమన్నానో గుర్తులేదు. బంతిపూలు తొక్కినట్టున్నాను.
"మీరే అంటిరి గద సార్, తుప్పున్నది, రంగు లేదని. పండుగకు మీ కోసమే చేపిచ్చిన. గిప్పుడు గిట్లంటే ఎట్ల?"
"ఇక్కడ అక్షరం ఏమైనా ఉండేదా?"
"గీతలు మస్తుండె. అన్ని తీపిచ్చిన."
మూర్ఖుడు. వాడి మొహం మీద నవ్వు కూడా... మెచ్చుకుంటాననుకున్నాడు.

అక్టోబర్ 3
మంట తగ్గలేదు. మా ఆవిడ ఒక్కసారే అడిగింది — "ఎవరి మీద?" యాదగిరి మీదే. ఇంకెవరి మీద.

అక్టోబర్ 5, ఆదివారం
మళ్ళీ వెళ్ళాను. ఎందుకు? తెలీదు. మీర్‌పేట్ నుంచి వచ్చానంటున్న ఒకాయన దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. "రంగేసిన మాల్. ఒరిజినల్ కాదిది." నా వంకలే, నా చిట్లింపే. అంటూనే పర్సు తీస్తున్నాడు.

"అది మాది" అన్నాను. "మా అన్నయ్యది."
ఇద్దరూ నా వైపు చూశారు. యాదగిరి ఆయన చేతిలోంచి తీసుకుని, ఎడమ పక్క నా ముందుకి తిప్పి పట్టుకున్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని.
"ఏం సూసి చెప్తున్నరు సార్?"