సాక్ష్యంలో చెప్పని మాట

సెక్టర్ 6, భిలాయి
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరట నీ చిన్నకూతురు విమల వందనాలు చెప్పుకుంటోంది. ఆయన దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం ప్రాణాలతో, ఆరోగ్యంతో ఉన్నాం. "ప్రాణాలతో" అని ఎందుకు రాశానో చదువుతూపోతే నీకే తెలుస్తుంది, కంగారు పడకు. బొబ్బిలిలో నువ్వూ, హార్వే అన్నయ్యా, వదినా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పండుమిరపకాయల పచ్చడి సీసా దారిలో కారకుండా చేరింది. మీ అల్లుడు షిఫ్టు నుంచి రాగానే చేతులైనా సరిగా కడుక్కోకుండా మూత తీశారు. అన్నయ్య కొన్న చెవి మిషను ఇంకా డబ్బాలోనే ఉందని వదిన చెప్పింది. పెట్టుకుంటే చెవిలో రొద అంటున్నావట. నువ్వది పెట్టుకుని ఉంటే ఈ సంగతి ఫోనులోనే చెప్పేదాన్నేమో. కాదులే, చెప్పలేకపోయేదాన్ని. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు.

నువ్వు మూడు మాటలు అడిగావు. వేసవి సెలవులకి ఎప్పుడొస్తారని ఒకటి. ఫోటోలో షీబా ఎందుకంత చిక్కిపోయిందని ఒకటి. ఆ పిల్లకి స్వస్థత ఏ ఆదివారం కలిగిందో సరిగ్గా రాయమని, మీ స్త్రీల సమాజంలో అందరూ అడుగుతున్నారని ఇంకొకటి. మొదటిదానికి జవాబు సులువు. బడి మూసేయగానే రావాలనుకున్నాం, మీ అల్లుడికి లీవు కూడా దొరికింది. మిగతా రెండింటి దగ్గరే కలం ఆగిపోతోంది.

షీబా ఎలాంటి పిల్లో నీకు తెలుసు. పక్కింటి భాగ్యరేఖ దగ్గర తోడుకి పెరుగు పట్టుకురమ్మని గిన్నె ఇచ్చి పంపితే, గిన్నె ఎక్కడో వదిలేసి పిల్లికూనను పట్టుకొచ్చేది. ఆదివారపు బడిలో కూర్చోలేకపోతే బయటికి పంపించేసేవారు. పిల్లలు దానికి 'తూఫాన్' అని పేరు పెట్టారు. తిట్టేదాన్ని, ఒక్కోసారి కొట్టేదాన్ని కూడా. ఒకరోజు తల దువ్వుతుంటే అంది, "టీచర్ మాట స్టార్ట్ చెయ్యడం వింటాను మమ్మీ. ఫినిష్ చెయ్యడం ఎప్పుడూ వినలేదు." 

బడిలో చెప్పబట్టి పోయిన ఏడాది రాయపూర్‌లో ఒక పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. మమ్మల్నీ, దాని టీచర్లనీ ఎన్నో అడిగి, ఎన్నో రాయించుకుని, పిల్లకి ఉన్నది ఏడీహెచ్‌డీ అని చెప్పింది ఆ డాక్టరమ్మ. మనసుని ఒకచోట నిలపడం, కాలూ చెయ్యీ అదుపులో ఉంచుకోవడం ఈ పిల్లలకి పుట్టుకతోనే కష్టమట. "ఇది పొగరు కాదు, మీ పెంపకం లోపం కాదు, ఏ గాలీ సోకలేదు" అంది. రోజూ పొద్దున టిఫిను తిన్నాక ఒక మాత్ర వెయ్యమంది.

ఈ సంగతి నీకు ఇప్పుడే మొదటిసారి రాస్తున్నానమ్మా. అవును, షీబా మాత్ర వేసుకుంటోంది.

తిరుగు ప్రయాణంలో రైల్లో మీ అల్లుడు నా చెవిలో అన్నారు, "పిల్లకి పిచ్చి మాత్రలు పెట్టమంతావేటి విమలా? రేపు నలుగురికీ తెలిస్తే ఏటంతారు? ఆడగుంట."

"తెలియనివ్వకుండా పెడదాం" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

మొదట్లో చాలా భయపడ్డాం. పిల్ల మాట్లాడటం తగ్గించేసింది. మధ్యాహ్నం అన్నం ముట్టేది కాదు. ఇల్లు ఎంత నెమ్మదిగా ఉండాలని నేను ప్రార్థించానో అంత నెమ్మదిగా అయింది, ఆ నెమ్మది చూసి నాకే దడ పుట్టింది. మీ అల్లుడు "మా తూఫాను ఏదే? నా పిల్లని నాకిచ్చీమను మీ డాక్టరమ్మని" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మేం మానేయకుండా డాక్టరమ్మకే ఫోను చేశాం. ఆవిడ రమ్మని, చూసి, మోతాదు తగ్గించింది. మాత్రకి ముందే కడుపునిండా పెట్టమంది, సాయంత్రం ఆకలి తిరిగి వస్తుంది అప్పుడు ఇంకా పెట్టమంది. వెళ్ళిన ప్రతిసారీ బరువు చూస్తుంది. నైట్ షిఫ్టు నుంచి వచ్చి కూడా మీ అల్లుడు పడుకోకుండా గుడ్లు ఉడకబెట్టి, ఎదురుగా కూర్చుని, తినిపించి, మాత్ర మింగించి అప్పుడు పడుకునేవారు. ఫోటోలో పిల్ల చిక్కినట్టు కనిపించింది అందుకే. ఇప్పుడు మెల్లగా పుంజుకుంటోంది.

కొన్నాళ్ళకి మా షీబా మాకు తిరిగి వచ్చింది. నవ్వుతుంది, పోట్లాడుతుంది, కానీ మొదలుపెట్టిన మాట పూర్తి చేస్తుంది.

ఆ తర్వాతే మా సంఘంలో కంఠత వాక్యాల పోటీ. పెద్ద కీర్తన మొత్తం ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పింది. పాస్టరుగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. మాకు పిల్లలు లేని రోజుల్లో ఈ సంఘమంతా ఉపవాసముండి అడిగిన బిడ్డ కదా అది. ఆయన మైకు చేతికిచ్చి, "విమలమ్మా, దేవుడు చేసిన మేలు నువ్వే చెప్పాలమ్మా" అన్నారు.

నిలబడ్డాను. ఎంత ఏడ్చానో చెప్పాను, ఎంత ప్రార్థించానో చెప్పాను, దేవుడు నా బిడ్డని బాగుచేశాడని చెప్పాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదనుకున్నాను. మాత్ర మాట ఒక్కటీ చెప్పలేదు. అందరూ హల్లెలూయ అన్నారు. పిల్లల చాప మీద నుంచి షీబా నా వైపే చూస్తోంది. మురిసిపోతోందనుకున్నాను. ఆ వారమే ఆ సాక్ష్యాన్ని నీకూ రాశాను, నువ్వు మీ సంఘంలో చదివి వినిపించావు.

అప్పటి నుంచి పిల్ల అన్నం డబ్బా ఖాళీగా రావడం మొదలైంది. ఆకలి వచ్చిందని స్తోత్రం చెప్పుకున్నాను. మళ్ళీ నీళ్ళ సీసా పోగొట్టింది, మళ్ళీ బడి నుంచి కబురు. "మాత్ర పనిచెయ్యడం మానీసిందేటి?" అన్నారు మీ అల్లుడు. వచ్చే వారం రాయపూర్ తీసుకెళ్దాం అనుకున్నాం.

మొన్న బుధవారం బడి వదిలిన వేళకి మా ఇంటి గేటు దగ్గర గొడవ వినిపించింది. ప్లాంటు షిఫ్టు బస్సు నడిపే జితేంద్ర భయ్యా, మా వెనక లైనులోనే ఉంటాడు, ఒక చేత్తో వంకరపోయిన సైకిలు, ఒక చేత్తో షీబా జబ్బ పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మధ్యలో సైకిలు వదిలేసి, అవతలి చెట్టు మీద ఏదో పిట్ట కనిపించిందని బస్సుకి అడ్డంగా పరుగెత్తిందట. సైకిలు బస్సు కిందికి పోయింది.

"భాభీజీ, ఏక్ సెకండ్... బస్ ఏక్ సెకండ్..." అన్నాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే అని అతని భావం. ఆ మాట పూర్తి చేయలేక మా మెట్టు మీద కూలబడ్డాడు. నీళ్ళ గ్లాసు ఇస్తే సగం ఒలికిపోయింది. 

అతను వెళ్ళాక షీబాని లోపలికి తీసుకెళ్ళాను. మోచెయ్యి గీరుకుపోయింది తప్ప దెబ్బలేమీ లేవు. మీ అల్లుడు అడిగారు, "పొద్దున్న మాత్ర వేసుకున్నావా లేదా?"

"నై."

"నా ఎదురుగా మింగావు కదే!"

"జీభ్ కింద పెట్టుకున్నా. నల్లా దగ్గర ఉమ్మేశా."

"నాలిక కిందా! నేను కళ్ళు తెరుచుకుని కూర్చున్నానే గుంటా, ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

షీబా ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. "మమ్మీ చర్చిలో చెప్పినప్పట్నుంచి."

 ఎందుకని అడిగాను. అది చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"గాడ్ నన్ను బాగు చేసేశాడని అందరి ముందూ నువ్వే చెప్పావు కదా మమ్మీ. నేను గోలీ వేసుకుంటే నువ్వు ఝూట్ చెప్పినట్టు అయిపోద్ది. వేసుకోకుండా బాగుంటే నీ మాట సచ్ అయిపోద్ది. అందుకే ట్రై చేశాను. చాలా ట్రై చేశాను. అవ్వట్లేదు." మోచేతి మీది గీరు చూసుకుంటూ, "నాకే విశ్వాసం తక్కువేమో" అంది.

నా సాక్ష్యం అబద్ధం కాకుండా నిలబెట్టడానికి నా బిడ్డ బస్సు కిందికి పోబోయింది. ఆ మాట నా నోటితో ఎవరికీ చెప్పలేను, నీకు రాస్తున్నాను.

మీ అల్లుడు వెళ్ళి వంకరపోయిన సైకిలుని గోడకి ఆనించారు. తిరిగొచ్చి అన్నారు, "ఆదివారం నువ్వు లేచి నిజం చెప్పు విమలా. నువ్వు చెప్పలేనంటే నేను చెప్తాను. నాకు మైకులో మాటాడ్డం రాదు, నవ్వుతారు, నవ్వనీ."

ముందుగా పాస్టరమ్మగారికి చెప్పడం మర్యాద అని శుక్రవారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ మంచి మనిషే, నా పురిటికి పథ్యం వండిపెట్టిన మనిషి. టీ ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మాత్ర వేసుకోమ్మా, నేను వద్దంటానేటి? ఇంట్లో వేసుకో. మైకులో ఎందుకు? కొత్త విశ్వాసులు ఉన్నారు, తొట్రిల్లిపోతారు. ఇప్పుడు నిన్ను ఎవరడిగారు?" అన్నారు.

"షీబా అడిగిందమ్మగారూ" అన్నాను. ఆవిడ చెయ్యి తీసేసుకున్నారు.

ఈ పొద్దున్న ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచాను. నా గొంతు సంగతి నీకు తెలుసు కదా, పక్కనున్న వాళ్ళకే వినపడదు. ఈసారి మైకు నేనే అడిగి తీసుకున్నాను. "పోయినసారి నేను సగమే చెప్పాను" అన్నాను. "మా షీబాకి జబ్బు ఉంది, దానికి డాక్టరు మాత్ర ఇచ్చింది. మాత్ర వేసుకుంటే మీరు విన్న కీర్తన నేర్చుకుంది. మానేస్తే బస్సుకి ఎదురెళ్ళింది. ఆ డాక్టరునీ, ఆ మాత్రనీ దేవుడే ఇచ్చాడని నమ్ముతున్నాను. నా బిడ్డకి విశ్వాసం తక్కువ కాలేదు. నాకే మీరేమంటారోనని భయం ఎక్కువైంది."

ఎవరూ హల్లెలూయ అనలేదమ్మా.  పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని, పాట నంబరు చెప్పారు. బయటికొచ్చాక కొందరు పలకరించారు, కొందరు చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నారు. పాస్టరమ్మగారు ఇంకా మాట్లాడలేదు. ఇది ఇక్కడితో తేలిపోతుందని నేను అనుకోవడం లేదు.

గురువారం నుంచి షీబా మళ్ళీ మాత్ర వేసుకుంటోంది. మింగాక నోరు బార్లా తెరిచి, నాలిక ఎత్తి వాళ్ళ నాన్నకి చూపిస్తుంది. ఆయన టార్చి వేసి మరీ చూస్తారు. ఇద్దరూ నవ్వుకుంటారు. నేను మాత్రం ఇంకా నవ్వలేకపోతున్నాను.

ఎందుకంటే ఈ పూట స్కూటరు మీద మా ఇద్దరి మధ్యా కూర్చుని వస్తూ అడిగింది, "అమ్మమ్మ వాళ్ళ చర్చిలో కూడా చెప్పేశావా?"

లేదన్నాను.

"అమ్మమ్మ అక్కడ అందరికీ చదివేసింది కదా. అయితే బొబ్బిలిలో నేను గోలీ వేసుకోను. అమ్మమ్మ ఝూటీ అయిపోద్ది" అంది.

అమ్మా, అందుకే ఇంటికి రాగానే, అన్నం కూడా పెట్టకుండా ఈ ఉత్తరానికి కూర్చున్నాను. అది నన్ను కాపాడాలని చూసింది. ఇప్పుడు నిన్ను కాపాడాలని చూస్తుంది. మీ రోడ్డు మీద కూడా బస్సులు తిరుగుతాయి.

మేం రాకముందే నువ్వు మీ స్త్రీల సమాజంలో లేచి, మా విమల మొదట సగమే రాసింది, పిల్ల మాత్ర వేసుకుంటోంది అని చెప్పాలి. నా ఉత్తరం చదివి నువ్వు ఎంత మురిసిపోయావో నాకు తెలుసు. వాళ్ళ ముందు తల వంచమని అడుగుతున్నానని కూడా తెలుసు. తప్పు నాది, చెప్పవలసి వచ్చేది నీకు. చెప్పలేనంటే ఆ మాటే రాసెయ్యి, కోపం తెచ్చుకోను. కానీ ఈ వేసవికి మేం రాము. నీకు ఇలా రాయడం నా బతుకులో ఇదే మొదలు.

చెప్పే రోజున చెవి మిషను పెట్టుకుని వెళ్ళు. వాళ్ళు ఏమన్నా నీకు వినపడాలి. ఇంటికొచ్చాక దాన్ని తియ్యకుండా షీబాకి ఫోను చెయ్యి. అమ్మమ్మ చెప్పేసిందని నా నోట వింటే అది నమ్మదు. నీ నోటితో వినాలి.

ఏ ఆదివారం స్వస్థత కలిగిందని అడిగావు కదా. వాళ్ళడిగితే ఇదే చెప్పు. ఏ ఆదివారమూ కాదమ్మా. రోజూ పొద్దున్న, టిఫిను తిన్నాక.

ఇట్లు,
మొదటిసారి నీకు షరతు పెట్టిన
నీ చిన్నకూతురు
విమలకుమారి