కొల్లా మన ఇంటి పిల్ల కాదు

అస్‌గెర్దుర్ తల్లీ,

నా కోడిగీతల రాతకీ తప్పులకీ ఏమీ అనుకోకు. నా చదువు మూడు చలికాలాలే, అదీ పంతులు మా లోయకి వచ్చినప్పుడు. ఫోన్లో చెప్పడానికి సిగ్గేసి రాస్తున్నాను.

ఆదివారం నీ పాపకి పెట్టబోయే కొల్లా పేరు నేను చెప్పిందే. మా ముత్తాత పోయాక ఆస్తి పంచిన కాగితంలో "ఏవోర్, తొమ్మిదేళ్లు. కొల్లా, నాలుగేళ్లు" అని ఉంది. తల్లీతండ్రీ లేని పిల్లలిద్దరూ మేనమామ సంరక్షణలో పెరిగారనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

నిన్న, ఆ కాగితం నకలు ఇచ్చిన దస్త్రాల ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి, "పేజీ తిప్పలేదా తాతగారూ?" అంది. వెనక "కొమ్ముల్లేవు, పాలు బాగా ఇస్తుంది" అని ఉందట. కొల్లా అంటే ఏవోర్ వాటాకి వచ్చిన గొర్రె. ఆడపిల్లల్నీ బోడి గొర్రెల్నీ మనం ఒకే పేరుతో పిలుస్తాం కదా, పొరబడ్డాను.

మీ పెద్దమ్మ, "దానికి కొమ్ముల్లేవు, నీకు బుర్ర లేదు" అంటోంది.

పాపకి ఏవోర్ అని పెట్టకూడదా? గొర్రె కులాసా అనీ, కవలల్ని ఈనిందనీ మేనమామ ఏటేటా ఏవోర్ వాటా లెక్కల్లో రాశాడట. పిల్ల గురించి ఒక్క ముక్క రాయలేదట. ఆ పేరు మన ఇంట్లో ఎవరైనా పిలిస్తే బాగుంటుంది.

కేకు మీద పేరు రాయించకముందే జవాబు రాయి.

మీ పెదనాన్న