తాడు ఊపు, నేను పెట్టిన లెక్క

మోతీనగర్,
ఆదివారం.

అక్కయ్యకు తమ్ముడు రామం నమస్కారాలు. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, బెంగపడకు. ఇక్కడ ఎండ ముదిరింది. మెస్సు పప్పులో ఉప్పుందో లేదో పది రోజులుగా నాకు తెలియడం లేదు.

కాలేజీలో లెక్కల శాఖ ఎత్తేశాక ఫిల్మ్ నగర్‌లో గ్రాఫిక్స్ ఆఫీసులో చేరానుగా. గుడ్డ ఎగరడం, తాడు ఊగడం, ఇవన్నీ అవకలన సమీకరణాలే. కంప్యూటరు వాటిని అడుగు అడుగుగా సాధిస్తుంది. ఏ పద్ధతిలో అడుగు వేయాలో ఎంచడమే నా ఉద్యోగం. హీరో కండువాకు ఇంప్లిసిట్ పద్ధతి పెట్టాను. పెద్ద అడుగు వేసినా లెక్క చెదరదు, కానీ ఊపును తినేస్తుంది, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కండువాకు అదే అందం. తర్వాత షూటింగులో ఫైటర్ నిజంగా ఊగబోయే తాడు లెక్క వచ్చింది. పద్ధతి మార్చకుండా అదే నడిపాను. లెక్కలో మనిషి గోడకు బారెడు ఇవతల ఆగాడు. డైరెక్టరుకు నచ్చింది. ముందు ఇసుక మూట కట్టి ఊపి చూద్దామన్నాను, టైం లేదన్నారు. నోరు మూసుకున్నాను. సభల్లో కార్మికుల కోసం గొంతు చించుకునేదీ నేనే.

పది రోజుల కిందట షూటింగులో యాదగిరి అనే ఫైటర్ వెళ్ళి గోడకు కొట్టుకున్నాడు. భుజం విరిగింది.

"ఎక్కువ ఊపు తీసుకున్నాడని రిపోర్టులో రాసేయండి సార్, గొడవుండదు," అన్నాడు మేనేజరు. అలా రాస్తే యాదగిరిని ఇంకెవరూ పనికి పిలవరు. తెర మీద పేరు హీరోది, గోడ దగ్గర తప్పు ఫైటరుది. ఇదేం న్యాయమని అరవాల్సింది. రిపోర్టు రాయకుండా బయటికి వచ్చేశాను.

నిన్న బోరబండలో యాదగిరి ఇంటికి వెళ్ళాను. భుజానికి కట్టుతో కూర్చున్నాడు.

"నేనే జోరుగ దూకిన కావచ్చు సార్. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, గిట్లెట్ల అయిందో."

"మీరు సరిగ్గానే దూకారు. నా లెక్క తప్పు," అన్నాను. అడుగు చిన్నది చేసి, ఊపును తినని పద్ధతితో లాప్‌టాప్‌లో నడిపి చూపించాను. బొమ్మ మనిషి వెళ్ళి గోడకు తగిలాడు.

"సూపిస్తె ఏమొస్తది," అంది వాళ్ళావిడ. "గా మాట కాయితం మీద రాసియ్యిండ్రి."

అక్కడే రాసి సంతకం పెట్టాను. ఒక ప్రతి ఆమె బీరువాలో పెట్టుకుంది, ఇంకోటి పొద్దున ఆఫీసుకు పంపాను. ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.

అటక మీది నా లెక్కల పుస్తకాలు పంపు, ట్యూషన్లు చెప్పుకోవాల్సి రావచ్చు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నేను మొక్కులు నమ్మనని నీకు తెలుసు. నువ్వు నమ్ముతావు కదా, రోజూ నా పేరు చెప్పే చోట యాదగిరి పేరు చెప్పు.

నీ తమ్ముడు,
రామం