‘భయపడకు’ తరువాతి మాట

హైఫా,
ఆదివారం, ఏప్రిల్ 17, 1988

మాన్యులు రెబ్ ఆన్షెల్ గారికి, రేవులో మూటలు మోసిన గెట్సెల్ షాలోమ్ చెప్పి రాసేది. మోకాళ్లు తప్ప నాకంతా బాగానే ఉంది. తమరూ, అమ్మాయి ప్నినా కులాసా అని తలుస్తాను. ఈ గారూ గీరూ నా చేతికి తిరగదు. ఇక నువ్వనే రాస్తాను.

నిన్న శనివారం కూడా ప్రార్థన గదిలో తొమ్మిదిమందిమే. పదిమంది మగాళ్లు లేనిదే తియ్యకూడదు గనక, పదోవాడివి నువ్వు రాక తోరా చుట్టను పెట్టెలోంచి తియ్యలేదు. దర్జీ యాంకెల్ నా వంక చూసి, “నీ నోటిని విడిగా లెక్కేస్తే పదిమందిమి అయిపోతాం” అన్నాడు. అందరూ నవ్వారు.

గురువారం పొద్దున నేనన్నది నాకు గుర్తుంది. ప్రార్థన చివర అందరం “భయపడకు” అనే ఆ వాక్యం చదువుతాం. ఇరవై ఏళ్లుగా నువ్వొక్కడివే అక్కడ నోరు మూసుకుంటావు. ఆ రోజు అందరి ముందూ, “ఏరా ఆన్షెల్, గొంతులో చేపముల్లు అడ్డం పడిందా? దేవుడి మీద నమ్మకం లేనివాడికి పదోవాడి చోటెందుకు?” అన్నాను. నువ్వు పుస్తకం మూసి, ముద్దుపెట్టుకుని వెళ్లిపోయావు. తరువాత సైరన్ మోగింది. యుద్ధంలో అక్కడ చంపేసిన మన యూదులందరి కోసం ఊరంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. నేనూ టమాటాల సంచితో నిలబడ్డాను. అప్పటికీ తప్పు నీదే అనుకుంటున్నాను.

ఇవాళ మీ ప్నినా పాఠాలు చెప్పే బడి దగ్గరికి వెళ్లి, నువ్వా వాక్యం ఎందుకు చదవవో అడిగాను. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. “గెట్సెల్ మామా, రోజుకి మూడుసార్లు చదువుతారే, ఆ వాక్యంలో రెండో సగం ఏంటో తెలుసా?” అంది. సంతలో మాట్లాడే హీబ్రూ తప్ప పుస్తకాల హీబ్రూ నాకెక్కడిది? హఠాత్తుగా వచ్చే భయానికి భయపడకు, దుర్మార్గుల షోఆ వచ్చినప్పుడు దానికీ భయపడకు అని ఉందట. షోఆ. మనవాళ్లని చంపిన ఆ మారణకాండ పేరు, మనం సైరన్ మోగించే రోజు పేరు. ఆ మాట సర్కారువాళ్లు కొత్తగా పుట్టించారనుకున్నాను. అది సామెతల గ్రంథంలోదట. దూరం నుంచి వచ్చి మీద పడేది అని యెషయా అన్నాడట. చీకటి రోజు అని జెఫన్యా. యోబు దగ్గర అదే మాటకి ఏమీ మొలవని పాడునేల అని అర్థమట. ఇంతకాలం అది నా నోట్లోనే ఉంది, నాకు తెలియదు.

మిమ్మల్ని శిబిరానికి రైలెక్కించే ముందు మీ నాన్న నీ చేతా మీ తమ్ముడి చేతా ఆ వాక్యమే చదివించాడని కూడా చెప్పింది. తమ్ముడు గట్టిగా చదివాడట.

నాకు క్షమించమని అడగడం చేతకాదు. పదోవాడు కావాలని పిలవడం లేదు. నీ చోటు నీది. నువ్వొస్తే ఆ వాక్యం దగ్గర నీ పక్కన నేనూ నోరు మూసుకుంటాను.

నీ
గెట్సెల్

తా.క.: ఇది నా బతుకులో రెండో ఉత్తరం. మొదటిది 1939 వేసవిలో, అక్కడ మా ఊళ్లోనే ఉండిపోయిన మా అమ్మకి రాశాను. ఇక్కడికి రావడానికి పత్రాల కోసం తిరగమంటావా అని ఆమె అడిగించింది. నలుగురితో కలిసి ఒక గదిలో నేల మీద పడుకుంటున్నానని ఆమె చూస్తే నాకు నామోషీ. ప్రార్థనలో మాటే కదా అని “భయపడకు, అక్కడే ఉండు” అని రాశాను. అప్పటి నుంచే ఆ మాట అందరికంటే గట్టిగా చదువుతున్నాను.