గుట్ట ఎక్కుడు

జూన్ 22, ఆదివారం

ఇంటి కోసం రెండు జాగాలు చూశాం. ఒకటి కోరుట్ల రోడ్డు పక్కన, చెరువు కట్టకు దిగువన. ఎక్కడా మిట్ట లేదు, పల్లం లేదు. రెండోది మల్లాపూర్ వైపు, గుట్ట వాలు మీద. రోడ్డు నుంచి ఇల్లు కట్టే చోటికి అరవై అడుగుల ఎక్కుడు. అంతా రాళ్లు, సీతాఫలం చెట్లు.

గుట్ట దగ్గర నా భర్త శ్రావణ్ ఆటో దిగలేదు. కూర్చున్న చోటి నుంచే చూసి, "ఇగ పోదాం పా" అన్నాడు.

మూడేళ్ల క్రితం సిరిసిల్లలో స్లాబు సెంట్రింగ్ కూలి అతని ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. అప్పటికి పదకొండేళ్లుగా మేస్త్రీ. ఇప్పుడు పెట్టుడు కాలుంది. చదును నేల మీద కర్ర లేకుండానే నడుస్తాడు. ఎక్కుడు వస్తే ఆ కాలు అతని మాట వినదు.

నాకు గుట్టే నచ్చింది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

జూన్ 25

నీకేది నచ్చిందని అడిగాడు. ఇంకా ఆలోచించలేదన్నాను. అబద్ధం.

జూన్ 30, సోమవారం

ఈరోజు ఫీల్డ్ డ్యూటీ చెరువు కింది వాడలో పడింది. ఏఎన్ఎం ఉద్యోగం వల్ల ఎవరింట్లోకైనా వెళ్లొచ్చు, ఏదైనా అడగొచ్చు. మల్లవ్వ అనే ముసలామెకు బీపీ చూస్తూ, ఇక్కడికి చెరువు నీళ్లు ఎప్పుడైనా వచ్చాయా అని అడిగాను.

"నీళ్లు చెప్పి రావు బిడ్డా. మంచం కింద చెప్పులు తేలినంక తెలిసింది మాకు" అంది.

ఇంటికొచ్చి శ్రావణ్‌కు చెప్పాను. బేస్‌మెంట్ నాలుగడుగులు లేపుతానన్నాడు. లేపితే మెట్లు ఎక్కాలి కదా, ఎట్ల ఎక్కుతావన్నాను.

నోరు జారింది. ఇన్నేళ్లలో గొడవ మధ్యలో ఆ కాలు మాట ఎప్పుడూ తీయలేదు. అతను అన్నం వదిలి లేవలేదు, అరవలేదు. మిగిలిన అన్నం మొత్తం మెల్లగా తిన్నాడు. అది చూడటమే కష్టమైంది.

జులై 3

మా ఇద్దరి మాటలూ అత్తమ్మ మీదుగా నడుస్తున్నాయి. "నీ కొడుక్కి చెప్పు", "నీ కోడల్ని అడుగు".

అత్తమ్మ ఏ పక్షమూ కాదు. ఆమె పేరు రాజక్క. పుట్టినప్పటి నుంచీ ఇంకొకరి జాగాలోనే బతికింది. మొదట గోపాల్ రావు గారి పొలం గట్టున గుడిసె, తర్వాత తమ్ముడి పెరట్లో రేకుల షెడ్డు, ఇప్పుడు కోరుట్లలో ఈ అద్దె గది. ఏదైనా తీసుకోండి అంటుంది. "లెవ్వుమని ఎవ్వడు అనొద్దు, గంతే."

గుట్ట కూడా ఆ గోపాల్ రావు గారిదే.

జులై 8, మంగళవారం

చదును ప్లాటు అమ్మిపెట్టే విజయ్ ఫోన్ చేశాడు. ఇంకో పార్టీ రెడీగా ఉందట. శుక్రవారంలోపు అగ్రిమెంట్ రాసుకోవాలట. శ్రావణ్ సరేనన్నాడు. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. నా వైపు చూడనైనా లేదు.

జులై 9

నిన్న మొదలైన వాన ఆగలేదు.

జులై 10, గురువారం, సాయంత్రం 6

వరసగా రాస్తాను.

పొద్దున డ్యూటీ పేరుతో చదును ప్లాటుకు వెళ్లాను. చీలమండల దాకా నీళ్లు. హద్దురాళ్లు కనబడలేదు. ఫోన్లో తొమ్మిది ఫొటోలు తీశాను. నిజం చెప్పాలంటే సంతోషించాను. గెలిచానన్నట్టు.

రెండింటికి ఇంటికొస్తే శ్రావణ్ లేడు. విజయ్ దగ్గరికని పదింటికే వెళ్లాడని అత్తమ్మ అంది. విజయ్‌కి ఫోన్ చేస్తే రాలేదన్నాడు. శ్రావణ్ ఫోన్ స్విచాఫ్. ఎప్పుడూ పిలిచే ఆటో సాయికిరణ్‌కు చేశాను. గుట్ట కింద దించాడట. నువ్వు పో, నేను ఫోన్ చేస్తా అన్నాడట.

నాలుగు గంటలు. ఆ వానలో. ఆ కాలుతో.

సాయికిరణ్ ఆటోలోనే వెళ్లాను. దారంతా ఆ రోజు నోరు జారిన మాటే గుర్తొచ్చింది, మెట్లు ఎట్ల ఎక్కుతావు అన్నది. గుట్ట కింద నిలబడి పిలిచాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎర్రమట్టి జారుతోంది. సీతాఫలం కొమ్మలు పట్టుకుని ఎక్కాను. సగం దాటాక పెద్ద బండ పక్కన కనిపించాడు. కాలు ఊడదీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అరచేతులు రెండూ గీరుకుపోయాయి.

తిట్టాను. ఏమని తిట్టానో గుర్తు లేదు.

"మధ్యల ఆగిపోయిన. ఎక్కరాలే, దిగరాలే" అన్నాడు. ఎందుకొచ్చావంటే, నువ్వేం చూసినవో చూద్దామని వచ్చిన అన్నాడు. ఫోన్ వానలో తడిసి చచ్చిపోయిందట.

తర్వాత వేలు చూపించాడు. "నీళ్లు సూడు."

పైనుంచి వచ్చే నీళ్లు బండకు తగిలి రెండు పాయలై అటూ ఇటూ పోతున్నాయి. మేమున్న చోట నేల గట్టిగా ఉంది.

కిందికి దింపుతానన్నాను. వద్దన్నాడు. ఇంత దాకా వచ్చి పైన చూడకుండా పోనన్నాడు. కూర్చునే, వెనక్కి వెనక్కి, చేతుల మీద ఎక్కడం మొదలుపెట్టాడు. నేను కూడా పక్కన కూర్చుని అట్లాగే ఎక్కాను. పెట్టుడు కాలు నా భుజం మీద వేసుకున్నాను. పైన ఏమీ కనబడలేదు, తెల్లగా వాన తప్ప. అయినా చాలాసేపు చూశాడు.

సాయికిరణ్ సాయంతో కిందికి దించాం. ఫొటోలు చూపించలేదు.

జులై 11, శుక్రవారం

పొద్దున నా ఫోన్ అతని చేతికిచ్చి నేనే అన్నాను, విజయ్‌కి ఫోన్ చెయ్యి, చదునే తీసుకుందామని. నిన్నటిది ఇంకోసారి చూడలేనని.

వద్దన్నాడు. "ఆ బండ పక్కన కూసుండి బాటకే లెక్కలేసుకున్న. నిట్టంగ పోవద్దు. బండ సుట్టు తిప్పుకుంట పోవాలె, జరంత జరంత లేపుకుంట."

నేను డ్యూటీలో ఉన్నప్పుడు పడితే అన్నాను.

"నువ్వుంటవా ఉండవా అని కాదు. నేను లేస్తనా లేనా, గదే సూసుకోవాలె."

విజయ్ నా ఫోన్‌కు రెండుసార్లు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. నాకు ధైర్యం రాలేదు. ఫోన్ మాత్రం నేనూ ఎత్తలేదు.

జులై 14

గోపాల్ రావు గారింటికి వెళ్లాం. శ్రావణ్ కాలు చూసి ఆయన, "గుట్ట కింద రోడ్డు పక్కన్నే కట్టుకోరాదు? పైకెందుకు?" అన్నారు. గుట్ట నీళ్లన్నీ చేరేది అక్కడికే సారూ అన్నాడు శ్రావణ్.

కుర్చీలు వేయించారు. అత్తమ్మ కూర్చుంది. ఆయన ఎదుట ఆమె కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. వీపు ఆనించకుండా, అంచు మీద.

ఆగస్టు 6

జగిత్యాలలో రిజిస్ట్రేషన్ అయింది. కాగితాలు ముగ్గురం మూడుసార్లు చదివాం. అత్తమ్మకు చదువు రాదు. అయినా తీసుకుని చూసింది.

సెప్టెంబర్ 2

బాటకు తాడు కట్టి సున్నంతో గీత పోశాడు. అరవై అడుగుల ఎక్కుడుకు రెండు వందల అడుగుల బాట. ఇద్దరు కూలీలు తవ్వుతుంటే ఇతను కూర్చున్న చోటు నుంచి కర్రతో చూపిస్తాడు. మూడేళ్ల తర్వాత అతని మేస్త్రీ గొంతు విన్నాను.

సెప్టెంబర్ 17

ఈరోజు బాట మీద రెండుసార్లు పడ్డాడు. పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. ఇంటికొచ్చాక మోకాలికి డ్రెస్సింగ్ చేశాను. తప్పు చేశామేమో.

సెప్టెంబర్ 18

తప్పు చేశాం.

అక్టోబర్ 26, ఆదివారం

పైన పునాది మాత్రమే ఉంది. శ్రావణ్ కింద నుంచి ఒక్కడే బయల్దేరాడు. నన్ను పైనే ఉండమన్నాడు. బండ వెనక మలుపులో మనిషి కనబడడు. అక్కడికి చేరాక ఎంతసేపైందో తెలియదు. నేను దిగలేదు. కళ్లు మూసుకుని నిలబడ్డాను.

"జరుగు. బాటల నిలవడ్డవు" అన్నాడు.