బైండరు చేతిలో నాన్న పుస్తకాలు

తమ్ముడూ, నాన్న పంపుహౌసు పుస్తకాల మీద బైండరు కత్తి ఇంకా పడలేదు కదా? మన చర్చి పాటల పుస్తకాల అట్టల్లోకి పనికొస్తాయని ఆ నాలుగూ నేనే అతనికిచ్చి వచ్చాను.

ఇక్కడ మా అమ్మాయికి కాలేజీలో వేసవి సెలవులకు పాత నీటి ఇంజన్ల మీద పరిశోధన ఇచ్చారు. "అచ్చయినవి వద్దమ్మా, ఇంజను నడిపినవాళ్లు ఆనాడు తమ చేత్తో రాసింది కావాలి" అన్నారట మేడమ్. తాత గంటగంటకూ ఆవిరి ఒత్తిడి రాసిన పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయని ఇది మాటిచ్చేసింది. అవి బైండరుకిచ్చిన సంగతి నిన్న చెప్పగానే దాని ముఖం పాలిపోయింది. "బైబిలు వాక్యమైతే మూలంలో ఏముందో చూడమని అందరి ప్రాణం తీస్తారు. తాత చేతిరాతను అట్టలకిచ్చారా నాన్నా?" అంది. మిగిలిన రొట్టెముక్కలు సైతం వృథా కానివ్వక పోగుచేయించిన ప్రభువును గురించి ప్రసంగంలో గంటసేపు గర్జించే నోరు నాది, ఆ పుస్తకాలను అట్టలకిచ్చిన చేయీ నాదే. సోమవారంలోగా చూపించకపోతే ఆ పరిశోధనలో దాని చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? కంటి చుక్కలు మానొద్దని చెప్పు. మరదలికీ పిల్లలకూ దేవుడు తోడుండుగాక.

కార్డు చదివి కూర్చోకు, ఉన్నపళంగా బైండరు దగ్గరికి పరుగెత్తు. అట్టలకు అంటించేసి ఉంటే ఆ అట్టలే పట్టుకుని సాయంత్రం బండెక్కు. రేపు కాదు, ఈ రోజే.

అన్నయ్య